పింఛను మీదే ఇల్లు నడిచేవాళ్లు అప్పు ఎలా తీసుకోవాలి, మోసాల నుంచి ఎలా తప్పించుకోవాలి

నల్లగొండ, పాలమూరు పల్లెల్లో చాలా ఇళ్లలో ప్రభుత్వం ఇచ్చే చేయూత పింఛనే ఇంటి ఖర్చు. కొడుకూ కోడలూ గుంపు మేస్త్రీ వెంట పుణెకో ముంబైకో పనికి పోతే మనవల నోటుబుక్కులు, కరెంటు బిల్లు, బీపీ గోళీలు అన్నీ ఆ 2,016 రూపాయల్లోంచే వెళ్లాలి. మర్రిగూడ, మునుగోడు దిక్కు ఫ్లోరైడు నీళ్లు తాగి నడుములు వంగిపోయినవాళ్ల ఇళ్లలో దివ్యాంగుల పింఛనే పెద్ద దిక్కు. అలాంటి ఇంట్లో అప్పు అవసరం పడితే ఇచ్చేవాడి కన్ను కూడా ముందు పింఛను మీదే పడుతుంది. పంట పండకపోవచ్చు, కూలి దొరకకపోవచ్చు, పింఛను మాత్రం వస్తుంది. వసూలుకు అంత నమ్మకమైన పైసలు వాళ్లకు ఇంకెక్కడా కనబడవు.

ఇది మీకోసం, మీ ఇంట్లో పింఛను తీసుకునే అమ్మ, అత్త, తాత కోసం రాస్తున్నాను. వాళ్లకు చదవడం రాకపోతే దగ్గర కూర్చొని చదివి వినిపించండి. కింద చెప్పేదంతా ఒక్క మాట చుట్టూ తిరుగుతుంది: అప్పు చేయొచ్చు, కానీ పింఛను మీ చేతికి వచ్చే దారిని ఎవరికీ అప్పగించొద్దు. ఏటీఎం కార్డు, పాస్‌బుక్కు, ఆధార్, సిమ్ము, ఓటీపీ, వేలిముద్ర, ఇవన్నీ ఆ దారే. అవి మీ దగ్గర ఉన్నంతకాలం ఎంత కష్టమైన అప్పయినా మీరు మాట్లాడి తీర్చుకోవచ్చు. అవి పోయాక మాట్లాడే అవకాశం కూడా ఉండదు.

మొదట కాగితం మీద లెక్క

ఎంత అప్పు దొరుకుతుందన్నది తర్వాత. ఎంత కిస్తీ కట్టగలరో ముందు తేల్చుకోండి. పింఛను 2,016 అనుకుందాం (2019 నుంచి ఇదే మొత్తం, దివ్యాంగులకు 2023లో 4,016 అయింది). అందులోంచి మందులు, నూనె, పప్పు, కరెంటు, గ్యాసు తీసేసి మిగిలేది రాయండి. ఏం మిగిలినా సరే, కిస్తీ పింఛనులో పావు వంతు దాటకూడదని నేను గట్టిగా చెబుతాను. అంటే నెలకు 500. అంతకంటే ఎక్కువ ఒప్పుకుంటే మూడో నెలకల్లా మందులు మానేస్తారు. నాకు అన్నిటికంటే బాధ కలిగించేది అదే. అప్పు తప్పకుండా కట్టాలన్న పట్టుదలతో షుగర్ గోళీలు ఆపేసేవాళ్లు చాలామంది ఉంటారు.

నెలకు 500 కట్టగలిగితే ఎంత తీసుకోవచ్చు? నూటికి రెండు రూపాయల మిత్తికి 4,500 తీసుకుంటే పది నెలల్లో తీరిపోతుంది. అదే 4,500 నూటికి పది రూపాయల మిత్తికి తీసుకుంటే మొదటి నెల కట్టిన 500లో 450 మిత్తికే పోతాయి, అసలులో తగ్గేది 50. అలా కడుతూ పోతే తీరడానికి రెండేళ్లు దాటుతుంది, మీరు కట్టిన మొత్తం 12,000 దాటుతుంది.

నూటికి పది ఎవరైనా తీసుకుంటారా అనుకోకండి. పేరు పెట్టి పది రూపాయల మిత్తి అని ఎవరూ చెప్పరు. గిరిగిరి ఫైనాన్స్ వాళ్లు 8,500 చేతిలో పెట్టి రోజుకు వంద చొప్పున వంద రోజులు వసూలు చేసుకుంటారనుకోండి. వినడానికి ‘పదివేలకు పదిహేను వందలే కదా’ అనిపిస్తుంది. కానీ ఆ 8,500 వంద రోజులూ మీ దగ్గర ఉండవు. రెండో రోజు నుంచే కొంచెం కొంచెంగా తిరిగి వెళ్లిపోతుంటాయి. లెక్క కడితే నెలకు నూటికి దాదాపు పది రూపాయలు, ఏడాదికి నూటికి 120 పడుతుంది. అందుకే ఎవరు అప్పు ఇస్తానన్నా మూడు అంకెలు అడిగి రాసుకోండి: ఈరోజు నా చేతికి వచ్చేది ఎంత, నేను మొత్తం కట్టేది ఎంత, ఎన్ని నెలల్లో. మూడూ చెప్పకుండా ‘మిత్తి తక్కువేలే’ అనేవాడి దగ్గర తీసుకోకండి.

ఇంకో సంగతి చాలామంది పట్టించుకోరు. పింఛను నెలకోసారి వస్తుంది, అదీ ఖచ్చితంగా ఒకే తారీఖున రాదు, కొన్నిసార్లు బాగా ఆలస్యమవుతుంది. కిస్తీ మాత్రం వారం వారం కట్టాలంటే, పింఛను పడని మూడు వారాలకూ ఇంకెక్కడో చేబదులు తేవాలి. ఒక అప్పు మూడు అప్పులయ్యేది అక్కడే. కిస్తీ నెలకోసారి ఉండాలి, పింఛను వచ్చాక వారం పది రోజుల గడువు ఉండాలి. దీన్ని తీసుకునేముందే మాట్లాడి ఒప్పించుకోండి. తీసుకున్నాక ఎవరూ వినరు.

ఎవరిని ముందు అడగాలి

మొదట మహిళా సంఘం. ముసలమ్మ సంఘంలో లేకపోయినా కోడలో, కూతురో ఉంటారు. సంఘం సొంత పొదుపులోంచి ఇచ్చే చిన్న అప్పుకు చాలాచోట్ల రూపాయి మిత్తే, అదీ తిరిగి మీ సంఘానికే చేరుతుంది. అది చాలకపోతే స్త్రీనిధి ఉంది. 2011లో పెట్టిన ఈ సహకార సంస్థ ఊళ్లోని సంఘాలన్నీ కలిసిన గ్రామ సమాఖ్య ద్వారా ఇస్తుంది, ఆసుపత్రి లాంటి అత్యవసరానికి త్వరగా వస్తుంది. ఊళ్లో అయితే సమాఖ్య లెక్కలు చూసే వీవోఏను, నల్లగొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్ లాంటి పట్టణాల్లో అయితే అక్కడి సంఘాల పని చూసే మెప్మా ఆర్పీని అడగండి. సంఘాలకు బ్యాంకులు ఇచ్చే లింకేజీ అప్పుకు 10 లక్షల వరకు తాకట్టు అడగకూడదని రిజర్వు బ్యాంకు నిబంధన ఉంది.

సంఘం అప్పు అన్నిటిలోకీ మంచిదే అయినా కళ్లు మూసుకుని తీసుకోవద్దు. మీ పేరు మీద తీర్మానం పుస్తకంలో ఎంత రాశారు, మీ చేతికి ఎంత వచ్చింది, రెండూ ఒకటేనా అని ఇంట్లో చదువుకున్న పిల్లతో చూపించండి. ‘నీ పేరు మీద తీస్తాం వదినా, కిస్తీలు నేనే కట్టుకుంటా’ అని ఎవరైనా అడిగితే, ఎంత దగ్గరివాళ్లయినా ఒప్పుకోవద్దు. కాగితం మీద పేరు ఎవరిదో అప్పు వాళ్లదే. మొహమాటానికి పోయి ఇరుక్కునేది ఎక్కువగా ఒంటరి మహిళలే, ఎందుకంటే వద్దనడానికి పక్కన ఎవరూ ఉండరు.

జన్‌ధన్ ఖాతా ఉంటే ఓవర్‌డ్రాఫ్ట్ గురించి, అంటే ఖాతాలో ఉన్నదానికంటే ఎక్కువ తీసుకునే వీలు గురించి బ్యాంకులో అడగండి. ఆరు నెలలు ఖాతా సరిగ్గా నడిచి ఉంటే 10,000 వరకు ఇచ్చే వీలుంది, అందులో 2,000 వరకు షరతులు లేవు. వయసు మాత్రం 18 నుంచి 65 లోపు ఉండాలి. కాబట్టి పెద్ద వయసు వృద్ధులకు ఇది పనికిరాదు గానీ, వితంతు, ఒంటరి మహిళ, దివ్యాంగుల పింఛను తీసుకునేవాళ్లలో చాలామందికి పనికొస్తుంది. కౌంటర్లో ‘అట్లాంటిది లేదు’ అంటే మేనేజరును కలవండి.

తులం బంగారమన్నా ఉంటే, తాకట్టు కొట్టుకు పోయేముందు బ్యాంకుకు పోండి. బ్యాంకు గోల్డు లోన్ మిత్తి సాధారణంగా రూపాయి లోపే ఉంటుంది. ఎక్కడ పెట్టినా బరువు, స్వచ్ఛత రాసిన రసీదు చేతికి రానిదే కదలొద్దు. పొలం ఉన్నవాళ్లకు పట్టాదారు పాస్‌బుక్కు మీద సహకార సంఘంలోనో గ్రామీణ బ్యాంకులోనో పంట రుణం దొరుకుతుంది. 3 లక్షల వరకు 7 శాతం, గడువులో కడితే 4 శాతమే పడుతుంది. అంతకంటే చవక అప్పు దొరకడం కష్టం.

ఇక్కడ ఒక అపోహ తీర్చాలి. బ్యాంకులో ‘పెన్షన్ లోన్’ అని బోర్డు కనిపిస్తుంది. అది రిటైరైన ఉద్యోగులకు, వాళ్ల కుటుంబ పెన్షన్ తీసుకునేవాళ్లకు. చేయూత పింఛను తీసుకునేవాళ్ల కోసం కాదు. కాబట్టి ‘మీ పింఛను కార్డు మీద యాభై వేలు ఇప్పిస్తా’ అని ఎవరైనా ఇంటికొచ్చినా, ఫోన్ చేసినా, మాట అక్కడే ఆపేయండి.

ఊళ్లో మిత్తికి తెచ్చుకునేటప్పుడు

సంఘం లేదు, బంగారం లేదు, రేపు పొద్దున ఆపరేషన్. అప్పుడు ఊళ్లో మిత్తికి ఇచ్చేవాళ్ల దగ్గరికి పోక తప్పదు. పోవద్దని చెప్పడం తేలిక, అది ఎవరికీ ఉపయోగపడదు. ఎలా పోవాలో చెబుతాను.

ఒంటరిగా పోవద్దు. లెక్క తెలిసిన ఒకరిని వెంట తీసుకెళ్లండి. నోటు రాస్తే అసలు ఎంత, మిత్తి నూటికి ఎంత, తారీఖు, అన్నీ మీ ముందే రాయించి, చదివించుకుని, ఆ తర్వాతే సంతకమో వేలిముద్రో వేయండి. వెంటనే ఫోన్లో ఫోటో తీసుకోండి. ఖాళీ నోటు మీద సంతకం మాత్రం చేయొద్దు. 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 20వ సెక్షను ప్రకారం, స్టాంపు అంటించి సంతకం చేసిన ఖాళీ నోటును తీసుకున్నవాడు నింపుకోవచ్చు. ఐదువేలు తెచ్చుకున్నవాళ్ల మీద యాభై వేల నోటు కోర్టుకు వస్తే ‘నేను రాయలేదు’ అన్నంత మాత్రాన నిలబడదు. ఖాళీ చెక్కు కూడా అంతే, అది ఇంకా ప్రమాదం, బౌన్సయితే కేసు అవుతుంది.

కట్టిన ప్రతిసారీ నోటు వెనక చెల్లు రాయించండి. మీ దగ్గర కూడా చిన్న పుస్తకం పెట్టుకుని తారీఖు, మొత్తం రాసి ఇచ్చినవాడి సంతకం తీసుకోండి. ఫోన్‌పేలో కొడితే ఇంకా మంచిది, రుజువు దానంతట అదే ఉంటుంది. బాకీ తీరిన రోజు నోటు వెనక్కి తీసుకోకుండా ఇంటికి రావద్దు. ‘ఎక్కడో పెట్టిన, రేపిస్త’ అంటే, బాకీ మొత్తం ముట్టిందని తెల్లకాగితం మీద రాయించుకుని సాక్షి సంతకంతో తెచ్చుకోండి.

ఇక అసలు విషయం. ఇచ్చేవాడు ‘ఏం గాదవ్వా, కార్డు నా దగ్గర పెట్టు, పింఛను పడ్డప్పుడు నేనే తీసి నా పైసలు పట్టుకుని మిగిలినయి నీకిస్త’ అంటాడు. ఎంతో సాయం చేస్తున్నట్టే ఉంటుంది. కానీ ఆ రోజు నుంచి పింఛను ఎప్పుడు పడిందో, ఎంత తీశాడో మీకు తెలియదు. బాకీ ఎంత మిగిలిందో చెప్పేది కూడా అతనే. కార్డు, దాని పిన్ను ఇచ్చే షరతు మీద అప్పు తీసుకోవడం కంటే, నూటికి ఒక రూపాయి ఎక్కువ మిత్తికి ఇంకొకరి దగ్గర తీసుకోవడం నయం. ‘మరి నాకేం నమ్మకం’ అని అడిగితే జమానతు మనిషిని చూపించండి, వస్తువు కుదువ పెట్టండి, పింఛను వచ్చిన రోజే తెచ్చి ఇస్తానని నలుగురిలో మాటివ్వండి. కార్డు తప్ప ఏదైనా.

మిత్తి వ్యాపారం చేసేవాళ్లకు లైసెన్సు ఉండాలని నిజాం కాలంలో, 1349 ఫసలీలో వచ్చిన తెలంగాణ మనీ లెండర్స్ చట్టం చెబుతుంది. పల్లెలో ఎవరూ దాన్ని అడగరు, నిజమే. కానీ గొడవ ముదిరినప్పుడు మీ పక్షాన నిలబడే విషయాల్లో అదొకటి. గుర్తుంచుకోండి.

పాలమూరు వైపు ఇంకో రకం అప్పు ఉంది: మేస్త్రీ ఇచ్చే అడ్వాన్సు. కొడుకు అడ్వాన్సు తీసుకుని పనికి పోతుంటే ఇంట్లో తల్లి పింఛను పుస్తకాన్ని జమానతుగా అడిగితే ఇవ్వొద్దు. అడ్వాన్సు ఎంత, రోజు కూలి ఎంత, ఎంత కోత పడుతుంది అన్నది పోయేముందే రాయించుకోండి. అడ్వాన్సు తీరేదాకా పని వదిలి కదలొద్దని ఆపితే అది వెట్టిచాకిరీ కిందికి వస్తుంది. 1976 చట్టం దాన్ని నేరమంటుంది, ఆ బాకీని కూడా రద్దు చేస్తుంది. ఫిర్యాదు కలెక్టరుకో ఆర్డీవోకో ఇవ్వాలి.

వారపు కిస్తీల కంపెనీలు

మైక్రోఫైనాన్స్ వాళ్లు సంస్థగా వస్తారు, కాగితాలుంటాయి, మిత్తి గిరిగిరి కంటే తక్కువే. 2010లో మన దగ్గర ఈ అప్పుల మీద పెద్ద సంక్షోభం వచ్చి ఉమ్మడి రాష్ట్రం చట్టమే తేవాల్సి వచ్చింది. 2022 మార్చిలో రిజర్వు బ్యాంకు నిబంధనలు పెట్టింది. వాటి ప్రకారం తాకట్టు అడగకూడదు. ఇంట్లో అన్ని అప్పుల కిస్తీలూ కలిపి ఇంటి నెల ఆదాయంలో సగం దాటకూడదు. మీకు అర్థమయ్యే భాషలో లోన్ కార్డు ఇవ్వాలి. ముందే తీర్చేస్తే జరిమానా వేయకూడదు. మీ ఇష్టం లేకుండా ఇన్సూరెన్సు లాంటివి అంటగట్టకూడదు. పొద్దున 9కి ముందు, సాయంత్రం 6 తర్వాత వసూలు కోసం సతాయించకూడదు.

కానీ ఏజెంటు ఆదాయం రాసుకునేటప్పుడు మీరే ఎక్కువ చెబితే ఈ రక్షణ పోతుంది. ‘పదిహేను వేలు రాయమ్మా, లోన్ పెద్దగా వస్తది’ అంటారు. ఉన్నదే చెప్పండి. గుంపులో పది మంది ఉంటే ఒకరు కట్టకపోతే మిగతావాళ్ల మీద ఒత్తిడి వస్తుందని కూడా లెక్కలో వేసుకోండి.

ఫోన్లో వచ్చే లోన్లు

ఇక్కడ కొంచెం ఓపికగా చదవండి. ఊళ్లో అప్పులవాడు మోసం చేస్తే కనీసం అతని ఇల్లు తెలుసు. ఫోన్లో మోసం చేసేవాడి ఊరు, పేరు, ముఖం ఏదీ తెలియదు.

ఫోన్ ఇలా వస్తుంది: ‘అమ్మా, మీ పింఛను ఖాతా మీద యాభై వేల లోన్ సాంక్షనైంది. ప్రాసెసింగ్ ఫీజు 1,850 కొడితే అరగంటలో పడతది.’ అది కొట్టాక ఇన్సూరెన్సు 3,200 అంటారు. తర్వాత జీఎస్టీ. తర్వాత రిజర్వు బ్యాంకు అనుమతి ఛార్జీ. ప్రతిసారీ ‘ఇదొక్కటి కడితే చాలు’ అంటారు, అప్పటికే కట్టింది పోతుందన్న భయంతో మనం కడుతూ పోతాం. కొలమానం ఒక్కటే: లోన్ కోసం ముందు మీరే పైసలు పంపాలంటే అది లోన్ కాదు. నిజమైన సంస్థ తన ఫీజు ఏదైనా ఉంటే కాగితంలో చూపించి తీసుకుంటుంది, ఎవరిదో సొంత నంబరుకు ఫోన్‌పే కొట్టమనదు.

చిన్న వ్యాపారాలకు ఇచ్చే ముద్ర లోన్ పేరుతో, ప్రధానమంత్రి బొమ్మతో సంతకాలూ ముద్రలూ ఉన్న ఉత్తరాలు వాట్సాప్‌లో వస్తాయి. ముద్ర సంస్థ నేరుగా ఎవరికీ అప్పు ఇవ్వదు, బ్యాంకులు, ఫైనాన్స్ సంస్థల ద్వారానే వస్తుంది. ఆ ఉత్తరం పట్టుకుని మీ బ్యాంకుకు పోయి చూపించండి, నిమిషంలో తేలిపోతుంది.

రైతు భరోసా, పీఎం కిసాన్, పింఛను పెంపు పేరుతో లింకులు, ఏపీకే ఫైళ్లు (నొక్కితే ఫోన్లో యాప్ ఎక్కించేవి) వస్తాయి. ఏపీకే నొక్కి ఫోన్లో ఎక్కించుకుంటే మీకొచ్చే మెసేజీలు, ఓటీపీలు వాడికి పోతాయి. ఏ ప్రభుత్వ పథకం పైసలూ వాట్సాప్‌లో వచ్చిన ఫైలు నొక్కితే రావు. పింఛను గురించి ఏ అనుమానమున్నా పంచాయతీ కార్యదర్శినో ఎంపీడీవో ఆఫీసునో అడగండి. 2025 జనవరి 1 నుంచి మన జిల్లాల్లోని ఆంధ్రప్రదేశ్ గ్రామీణ వికాస్ బ్యాంకు శాఖలు తెలంగాణ గ్రామీణ బ్యాంకులో కలిశాయి. ‘బ్యాంకు మారింది, కేవైసీ చేయకపోతే పింఛను ఆగిపోతది, ఓటీపీ చెప్పు’ అని ఫోన్ వస్తే పెట్టేసి బ్రాంచికి పోండి. పైసలు మీ ఖాతాలో పడటానికి యూపీఐ పిన్ను కొట్టాల్సిన పని ఎప్పుడూ ఉండదు. పిన్ను కొట్టమన్నారంటే మీ పైసలు పోతున్నాయనే.

లోన్ యాప్‌ల సంగతి. 2020 చివర్లో ఈ యాప్‌ల వేధింపులకు తెలంగాణలో ప్రాణాలు పోయాయి, హైదరాబాద్, సైబరాబాద్ పోలీసులు వాటి కాల్ సెంటర్ల మీద దాడులు చేశారు. ఆ తర్వాత 2022లో రిజర్వు బ్యాంకు డిజిటల్ అప్పులకు నిబంధనలు పెట్టింది. యాప్ ద్వారా అప్పు తీసుకోవాలని ఇంట్లో పిల్లలు అంటే ఈ వరుసలో చూడండి. మొదట, అప్పు ఇచ్చే బ్యాంకు లేదా ఫైనాన్స్ కంపెనీ పేరు యాప్‌లో స్పష్టంగా ఉండాలి. తర్వాత ఆ యాప్ పేరు రిజర్వు బ్యాంకు వెబ్‌సైటు జాబితాలో ఉందో లేదో వెతకాలి. 2025 జులై 1 నుంచి ఆ జాబితా అందరూ చూసేలా పెట్టారు. ఎక్కించేటప్పుడు ఫోన్ నంబర్ల పుస్తకం, ఫోటోలు చూడనివ్వమని అడిగితే అక్కడే తీసేయండి. నిబంధనల ప్రకారం లోన్ యాప్ వాటిని ముట్టుకోకూడదు. వేధింపులకు వాడేది అవే, మీ బంధువులందరికీ మార్చిన ఫోటోలు పంపేది వాటితోనే. తర్వాత, సంతకానికి ముందు ‘కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్’ ఇవ్వాలి. ఏడాదికి మొత్తం ఖర్చు ఎంత శాతమో అందులో ఒకే అంకెగా ఉంటుంది. ఆ అంకె 36 అంటే నెలకు మూడు రూపాయల మిత్తి అని లెక్క. లోన్ పడ్డాక మనసు మారితే కనీసం ఒక రోజు గడువు ఉంటుంది. ఆలోపు అసలు, ఆ రోజుల మిత్తి కట్టేస్తే జరిమానా లేకుండా బయటపడొచ్చు. ఏడు రోజుల్లో కట్టమనే యాప్‌లను తాకొద్దు.

ఇంకోటి, ఇది ఈమధ్య ఎక్కువైంది. ‘నీ పేరు మీద ఖాతా తెరిపిస్త, ఏటీఎం నాకియ్యి, రెండువేలు ఇస్త’ అంటారు, లేదా లోన్ కోసమే ఖాతా అంటారు. ఆ ఖాతాలోకి సైబర్ మోసాల పైసలు వస్తాయి. పోలీసులు వచ్చేది ఖాతా ఎవరి పేరు మీద ఉందో వాళ్ల ఇంటికి. ఖాతాలు ఆపేస్తే పింఛను కూడా చేతికి రాదు.

పింఛను తీసుకునే రోజు

పోస్టాఫీసులో పంచే ఊళ్లలో పైసలు అక్కడే లెక్కపెట్టుకోండి. 2,016లో ఆ 16 కూడా మీవే, చిల్లర లేదంటే వచ్చే నెల కలిపి అడగండి. అప్పులవాడు ఆ రోజు గేటు దగ్గర నిలబడతాడు. పైసలు ముందు మీ ఇంటికి రావాలి, ఇంట్లో తీసి పెట్టాల్సింది పెట్టి, తర్వాత కిస్తీ మీరే తీసుకెళ్లి ఇవ్వండి. చేతి నుంచి చేతికి అక్కడే లాక్కుంటే చెల్లు రాయించుకునే సందే ఉండదు.

బ్యాంకు మిత్ర (ఊళ్లో బ్యాంకు తరఫున పైసలిచ్చే మనిషి) దగ్గర వేలిముద్రతో తీసుకునేవాళ్లు జాగ్రత్త. ‘పడలేదవ్వా, ఇంకోసారి పెట్టు’ అన్నప్పుడు రెండోసారి కూడా పైసలు కోతపడే అవకాశముంది. పడలేదని చూపించే రసీదు అడగండి, బ్యాలెన్సు చెప్పించుకోండి, నెలకోసారి పాస్‌బుక్కులో ఎంట్రీ వేయించండి. వేలిముద్ర దుర్వినియోగం అవుతోందని అనుమానముంటే ఆధార్ యాప్‌లో బయోమెట్రిక్ లాక్ చేయొచ్చు, వివరాలకు 1947కు ఫోన్ చేయండి. పింఛను తీసుకునే ముందు మాత్రం తాళం తీయడం మరవద్దు, లేకపోతే అక్కడ వేలిముద్ర పడదు. అందుకే ఫోన్ వాడటం తెలిసిన పిల్లలు ఇంట్లో ఉంటేనే ఇది పెట్టుకోండి.

ఇప్పటికే ఇరుక్కుని ఉంటే

ఫోన్ మోసంలో పైసలు పోతే ఆ క్షణమే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయండి. ఇంట్లోవాళ్లు తిడతారని రాత్రంతా దాచుకోవద్దు. మొదటి గంటలో చెబితే పైసలు ఇంకో ఖాతాకు దాటకముందే ఆపే వీలుంటుంది, తెల్లారేసరికి అవి చేతులు మారిపోతాయి. వెంటనే బ్యాంకుకు కూడా చెప్పి కార్డు, యూపీఐ ఆపించండి. మెసేజీలు, నంబర్లు చెరిపేయకండి, అవే రుజువు. మోసపోయినవాళ్లను దయచేసి తిట్టకండి. మోసం చేసినవాడు రోజంతా అదే పనిలో ఉన్న మనిషి.

కార్డు అప్పులవాడి దగ్గర ఉంటే బతిమాలుకుంటూ తిరగాల్సిన పని లేదు. పింఛనుదారు స్వయంగా బ్యాంకుకు పోయి పాత కార్డు ఆపించి కొత్తది అడగాలి. అప్పు ఎగ్గొట్టమని కాదు నేను చెప్పేది. కార్డు తెచ్చుకుని, ఆరోజే అతనికి కబురు పెట్టి, ‘నెలకు ఇంత కడతా, చెల్లు రాయి’ అని పెద్దమనుషుల ముందు మాట్లాడండి. ‘నేను చెబితే నీ పింఛను ఆగిపోతది’ అని బెదిరిస్తే భయపడొద్దు. అప్పు కట్టలేదని పింఛను తీసేసే అధికారం ఏ అప్పులవాడికీ, ఏ ఏజెంటుకూ లేదు.

లోన్ యాప్ వాళ్లు ఫోటోలు పంపుతామంటే ఇంకో రూపాయి కట్టకండి. కడితే ఇంకా అడుగుతారు. బంధువులకు మీరే ముందుగా ఒక మెసేజ్ పెట్టండి: నా పేరుతో ఏదైనా వస్తే నమ్మకండి, పోలీసులకు చెప్పాను అని. 1930కి, దగ్గరి స్టేషనుకు ఫిర్యాదు ఇవ్వండి. రాత్రిళ్లు నిద్రపట్టక, బతకాలని లేదన్న ఆలోచన వస్తుంటే 14416కు ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడతారు, పైసలు అడగరు. ఇంట్లో పిల్లలు ఫోన్ పట్టుకుని ముభావంగా ఉంటే మీరే పక్కన కూర్చుని అడగండి. ఏ అప్పూ ప్రాణమంత పెద్దది కాదు.

బ్యాంకు మీద, ఫైనాన్స్ కంపెనీ మీద ఫిర్యాదయితే ముందు వాళ్లకే రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోండి. 30 రోజుల్లో జవాబు రాకపోతే ఇలాంటి ఫిర్యాదులు వినే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు వెళ్లొచ్చు, 14448లో వివరాలు చెబుతారు. ముసలివాళ్లను సొంతవాళ్లే పింఛను కోసం ఇబ్బంది పెడుతుంటే వృద్ధుల హెల్ప్‌లైన్ 14567కు ఫోన్ చేయండి. పింఛను విషయాలకు ఎంపీడీవో, అక్కడ పని కాకపోతే సోమవారం కలెక్టరేటులో ఫిర్యాదులు తీసుకునే ప్రజావాణి.

నోటు మీద కోర్టు నుంచి నోటీసు వస్తే దాన్ని తీసుకోకుండా వెనక్కి పంపొద్దు, చించేయొద్దు. నోటీసులో వాయిదా తారీఖు చూసి, అంతకంటే ముందే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు పోండి. నల్లగొండ, మహబూబ్‌నగర్ కోర్టుల్లో ఉంటుంది, ఫోన్ నంబరు 15100. మహిళలకు, ఎస్సీ ఎస్టీలకు, దివ్యాంగులకు ఆదాయంతో పని లేకుండా వకీలును ఉచితంగా ఇస్తారు. పోయేటప్పుడు నోటు ఫోటో, చెల్లు రాసుకున్న పుస్తకం, ఫోన్‌పే చెల్లింపుల కాగితాలు, పాస్‌బుక్కు తీసుకెళ్లండి. వాయిదాకు ఎవరూ పోకపోతే మీ మాట వినకుండానే తీర్పు వస్తుంది, కాబట్టి ఆ తారీఖును ఇంట్లో క్యాలెండరు మీద ఎర్రగా రాసి పెట్టుకోండి.